భాగం 14: ఫ్రీ ఏజెన్సీ – ఎంపిక వంతుల పరిహారం: అమెరికా వృత్తి బేస్‌బాల్ శ్రామిక మార్కెట్

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 రిజర్వ్ నిబంధన
14.3 ఫ్రీ ఏజెన్సీ ఎలా వచ్చింది?
14.4 సర్వీసు కాలం లెక్క
14.5 డ్రాఫ్ట్ – ఎంపిక వంతు
14.6 పరిహారం: నాలుగు దశలు
14.7 ప్రస్తుత నిబంధనలు
14.8 పరిహారం భారం ఎవరిపై పడుతుంది?
14.9 ఇరుపక్షాల వాదనలు
14.10 సారాంశం
14.11 కీలక పదాలు
14.12 మీ ప్రగతిని సరిచూసుకోండి: మాదిరి సమాధానాలు
14.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• రిజర్వ్ నిబంధన వల్ల కొనుగోలు గుత్తాధిపత్యం ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• క్రీడాకారుడు ఫ్రీ ఏజెంట్ కావడానికి కావలసిన సర్వీసు కాలాన్ని లెక్కించగలుగుతారు.
• క్వాలిఫయింగ్ ఆఫర్ పద్ధతిలో ఏ జట్టుకు ఏమి దక్కుతుందో, ఏ జట్టు ఏమి కోల్పోతుందో చెప్పగలుగుతారు.
• పరిహారం భారం చివరికి ఎవరిపై పడుతుందో విశ్లేషించగలుగుతారు.

14.1 పరిచయం

ఒక మిల్లులో పనిచేసే కార్మికుడు కాంట్రాక్టు గడువు ముగిసిన తరువాత మరో మిల్లులో చేరాడనుకుందాం. అతన్ని చేర్చుకున్న యజమాని పాత యజమానికి నష్టపరిహారం చెల్లించాలని ఎవరూ అడగరు. గడువు తీరిన తరువాత కార్మికుని శ్రమపై పాత యజమానికి ఎలాంటి హక్కు మిగలదు. సాధారణ శ్రామిక మార్కెట్‌లో ఇది అందరూ ఒప్పుకొన్న సూత్రం.

అమెరికాలోని వృత్తి బేస్‌బాల్‌లో ఈ సూత్రం పూర్తిగా అమలు కాదు. కాంట్రాక్టు ముగిసిన ప్రముఖ ఆటగాణ్ని చేర్చుకునే జట్టు, యువ క్రీడాకారులను ఎంపిక చేసుకొనే తన అవకాశాల్లో కొన్నింటిని వదులుకోవలసి రావచ్చు. ఆటగాణ్ని పోగొట్టుకున్న జట్టుకు అదనంగా ఒక అవకాశం లభించవచ్చు. దీనినే ఎంపిక వంతుల పరిహారం అంటారు.

ఐ.పి.ఎల్. వేలం చూసిన వారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపిస్తుంది. బేస్‌బాల్‌లో వేలం ఉండదు. ఫ్రీ ఏజెంట్ అయిన ఆటగాడు, అతని ప్రతినిధి నేరుగా జట్లతో బేరమాడి, నచ్చిన జట్టుతో కాంట్రాక్టు కుదుర్చుకుంటారు. ఆ బేరంలో మూడో పక్షంగా పాత జట్టు కూడా కనిపించకుండా కూర్చుని ఉంటుంది. ఆటగాడి స్వేచ్ఛకు మార్కెట్‌లో ఒక ధర ఉంటే, ఆ ధరను నిర్ణయించే వాటిలో పరిహార నిబంధన ఒకటి. దాని చుట్టూ యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య దాదాపు అర్ధ శతాబ్దంగా బేరసారాలు సాగుతున్నాయి. ఈ భాగంలో మనం తెలుసుకోబోయేది ఆ బేరసారాల కథనే.

14.2 రిజర్వ్ నిబంధన

ప్రధాన బేస్‌బాల్ లీగుల్లో నేడు 30 జట్లు ఉన్నాయి. వీటిలో పాతదైన నేషనల్ లీగ్ 1876లో ఏర్పడింది. 1879లో ఆ లీగ్ యజమానులు తమలో తాము ఒక ఒప్పందానికి వచ్చారు. ప్రతి జట్టు ఐదుగురు ఆటగాళ్లను తనకోసం ‘రిజర్వ్’ చేసుకోవచ్చు. మిగతా జట్లు వారిని తీసుకోకూడదు. కొద్ది సంవత్సరాల్లోనే ఈ ఏర్పాటు జట్టులోని ఆటగాళ్లందరికీ విస్తరించి, కాంట్రాక్టులో భాగమైంది.

కాంట్రాక్టు గడువు తీరిన తరువాత ఆటగాడు కొత్త కాంట్రాక్టుపై సంతకం చేయకపోతే, పాత కాంట్రాక్టును మరో ఏడాది పొడిగించే హక్కు జట్టుకు ఉండేది. పొడిగించిన కాంట్రాక్టులోనూ అదే హక్కు ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ పొడిగించవచ్చని యజమానులు భావించారు. దీని వల్ల జట్టు ఆటగాణ్ని అమ్మవచ్చు, మార్చవచ్చు, తీసివేయవచ్చు. ఆటగాడు మాత్రం వేరే జట్టుకు వెళ్లలేడు. అతని ముందు రెండు దారులే ఉండేవి: ఇచ్చిన జీతానికి ఆడటం, లేదా ఆట మానుకోవడం.

ఒక శ్రమకు ఒక్కడే కొనుగోలుదారు ఉన్న పరిస్థితిని కొనుగోలు గుత్తాధిపత్యం అంటారని మీకు తెలుసు. అటువంటి మార్కెట్‌లో వేతనం శ్రామికుని ఉపాంత ఆదాయ ఉత్పత్తి కంటే తక్కువగా ఉంటుంది. ఆర్థికవేత్త జెరాల్డ్ స్కల్లీ 1974లో ప్రచురించిన పరిశోధనలో, ఆటగాళ్లు తమ జట్టుకు తెచ్చిపెట్టే ఆదాయంలో చిన్న భాగం మాత్రమే జీతంగా పొందుతున్నారని అంచనా వేశాడు. అంతకు ముందు 1956లో సైమన్ రాటెన్‌బర్గ్ మరో విషయం చెప్పాడు. రిజర్వ్ నిబంధన ఉన్నా లేకపోయినా, ఆటగాళ్లు చివరికి తమకు ఎక్కువ విలువ ఉన్న జట్లకే చేరతారని అతని వాదన. నిబంధన ఉంటే ఆటగాణ్ని బదిలీ చేసినందుకు వచ్చే లాభం యజమానికి పోతుంది; లేకపోతే ఆటగాడికి వస్తుంది. ఈ వాదనను గుర్తుంచుకోండి. 14.9లో మళ్లీ అవసరమవుతుంది.

న్యాయస్థానాలు యజమానుల పక్షానే నిలిచాయి. బేస్‌బాల్ ప్రదర్శనలు అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రావు కాబట్టి గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1922లో తీర్పు చెప్పింది. 1953లో దానినే కొనసాగించింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని భాగం చివర ఇచ్చిన మాదిరి సమాధానంతో పోల్చి చూసుకోండి.
రిజర్వ్ నిబంధన ఆటగాడి బేరమాడే శక్తిని ఎలా తగ్గించింది?

14.3 ఫ్రీ ఏజెన్సీ ఎలా వచ్చింది?

1966లో ఆటగాళ్ల సంఘం మార్విన్ మిల్లర్‌ను తన కార్యనిర్వాహక సంచాలకునిగా నియమించుకుంది. అతను ఉక్కు కార్మికుల సంఘంలో పనిచేసిన ఆర్థికవేత్త. 1968లో మొదటి సమష్టి ఒప్పందం కుదిరింది. కనీస వార్షిక జీతం 6 వేల డాలర్ల నుంచి 10 వేల డాలర్లకు పెరిగింది. 1970 ఒప్పందం మరింత ముఖ్యమైనది. దాని ప్రకారం కాంట్రాక్టు వివాదాలను యజమానులు నియమించిన కమిషనర్ కాకుండా తటస్థ మధ్యవర్తి విచారించాలి. ఈ మార్పు ప్రాధాన్యం ఐదేళ్ల తరువాత గాని అందరికీ తెలియలేదు.

ఈ లోగా కర్ట్ ఫ్లడ్ వివాదం వచ్చింది. సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టులో 12 సంవత్సరాలు ఆడిన ఫ్లడ్‌ను 1969 అక్టోబరులో ఫిలడెల్ఫియా జట్టుకు బదిలీ చేశారు. అతను వెళ్లడానికి నిరాకరించాడు. తాను కొని అమ్మే ఆస్తిని కానని, ఇతర జట్లతో మాట్లాడుకునే అవకాశం ఇవ్వాలని 1969 డిసెంబరు 24న కమిషనర్ బోవీ కూన్‌కు లేఖ రాశాడు. అప్పటికి అతని జీతం ఏడాదికి 90 వేల డాలర్లు. అంత జీతం తీసుకునేవాడికి ఫిర్యాదు ఎందుకని చాలా మంది అన్నారు. అతను 1970 సీజను మొత్తం ఆడలేదు. 1971లో వాషింగ్టన్ తరఫున 13 ఆటలు ఆడి విరమించాడు. 1972లో సుప్రీంకోర్టు 5–3 తేడాతో అతని వాదనను తిరస్కరించింది. బేస్‌బాల్‌కు ఉన్న మినహాయింపు అసంగతమైనదని అంగీకరిస్తూనే, దాన్ని సరిదిద్దవలసింది కాంగ్రెస్ అని కోర్టు అన్నది. ఫ్లడ్ 1997లో మరణించాడు. మరుసటి ఏడాది కాంగ్రెస్ అతని పేరుతో చట్టం చేసి, ప్రధాన లీగు ఆటగాళ్ల ఉద్యోగ సంబంధాలకు గుత్తాధిపత్య నిరోధక చట్టాలను వర్తింపజేసింది.

కోర్టులో తెరుచుకోని తలుపు మధ్యవర్తి దగ్గర తెరుచుకుంది. ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు బౌలర్లు 1975 సీజనులో కొత్త కాంట్రాక్టుపై సంతకం చేయలేదు. బేస్‌బాల్‌లో బంతి వేసే ఆటగాణ్ని ‘పిచర్’ అంటారు. మన సౌకర్యం కోసం బౌలర్ అని వాడుతున్నాం. వారి జట్లు పాత కాంట్రాక్టును ఏడాది పొడిగించాయి. ఆ ఏడాది పూర్తయిన తరువాత తాము స్వతంత్రులమని వారు వాదించారు. 1975 డిసెంబరు 23న మధ్యవర్తి పీటర్ సైట్జ్ వారి వాదనను అంగీకరించాడు. ఒక ఏడాది పొడిగింపు అంటే ఒక ఏడాదే. అది శాశ్వత పొడిగింపు కాదని తేల్చాడు. యజమానులు సైట్జ్‌ను వెంటనే తొలగించారు. కోర్టులు మాత్రం అతని తీర్పును నిలబెట్టాయి.

ఇప్పుడు సంఘం ముందు ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. ప్రతి ఆటగాడూ ప్రతి ఏడాదీ స్వతంత్రుడైతే మంచిదేనా? మిల్లర్ మంచిది కాదనుకున్నాడు. వందలాది ఆటగాళ్లు ఒకేసారి మార్కెట్‌లోకి వస్తే సరఫరా పెరిగి జీతాలు పడిపోతాయి. అందువల్ల 1976 ఒప్పందంలో ఆరు సంవత్సరాల సర్వీసు తరువాతే ఫ్రీ ఏజెన్సీ అనే నియమాన్ని సంఘం అంగీకరించింది. సగటు జీతం 1976లో సుమారు 51 వేల డాలర్లు ఉండగా 1980 నాటికి సుమారు 1 లక్షా 44 వేల డాలర్లకు చేరింది.

14.4 సర్వీసు కాలం లెక్క

నేటికీ ఆరేళ్ల నియమమే అమలులో ఉంది. అయితే ‘సంవత్సరం’ అంటే క్యాలెండరు సంవత్సరం అని అనుకోకూడదు. ప్రధాన లీగు జట్టు జాబితాలో 172 రోజులు ఉంటే ఒక సర్వీసు సంవత్సరం పూర్తయినట్లు. సీజను ఇంతకంటే కొన్ని రోజులు ఎక్కువే ఉంటుంది. సర్వీసును సంవత్సరాలు, రోజులుగా రాస్తారు. 5.171 అంటే 5 సంవత్సరాల 171 రోజులు.

ఆటగాడి వృత్తి జీవితాన్ని మూడు దశలుగా విభజించవచ్చు:
• మొదటి దశ (సుమారు 3 సంవత్సరాల వరకు): కనీస జీతానికి తగ్గకుండా ఎంత ఇవ్వాలో దాదాపుగా జట్టే నిర్ణయిస్తుంది. కనీస జీతం 2025లో 7 లక్షల 60 వేల డాలర్లు.
• రెండో దశ (3 నుంచి 6 సంవత్సరాలు): ఆటగాడు వేరే జట్టుకు వెళ్లలేడు. కాని జీతంపై విభేదిస్తే మధ్యవర్తిని ఆశ్రయించవచ్చు. రెండేళ్లు దాటి మూడేళ్లు నిండని వారిలో ఎక్కువ సర్వీసు ఉన్న కొందరికి కూడా ఈ హక్కు ఉంటుంది.
• మూడో దశ (6 సంవత్సరాలు నిండిన తరువాత): కాంట్రాక్టు లేకపోతే ఫ్రీ ఏజెంట్ అవుతాడు.

ఒక్క రోజు విలువ ఎంతో క్రిస్ బ్రయంట్ ఉదాహరణ తెలుపుతుంది. షికాగో కబ్స్ జట్టు అతన్ని 2015 సీజను మొదటి రోజు నుంచి తీసుకోకుండా ఏప్రిల్ 17న పిలిచింది. సీజను ముగిసేసరికి అతని ఖాతాలో 171 రోజులు పడ్డాయి. ఒక్క రోజు తక్కువ. ఆ ఏడాది అతను ఉత్తమ నూతన ఆటగాడిగా, మరుసటి ఏడాది నేషనల్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. అయినా 2020 తరువాత రావలసిన స్వేచ్ఛ 2021 తరువాత గాని రాలేదు. ఉద్దేశపూర్వకంగా ఆలస్యం చేశారని అతను చేసిన ఫిర్యాదును మధ్యవర్తి 2020లో తిరస్కరించాడు.

2022 ఒప్పందంలో దీనికి కొంత పరిష్కారం చేర్చారు. ఉత్తమ నూతన ఆటగాడి పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన వారికి పూర్తి సంవత్సరం సర్వీసు ఇస్తారు. ప్రతిభ ఉన్న కొత్తవారిని సీజను ఆరంభం నుంచే ఆడించిన జట్టుకు, కొన్ని షరతులు నెరవేరితే, అదనపు ఎంపిక వంతు ఇస్తారు. హూలియో రోడ్రిగెస్ 2022లో అమెరికన్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడు కావడంతో సియాటిల్ జట్టుకు 2023లో అటువంటి వంతు లభించింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
ఒక ఆటగాడి సర్వీసు 4.150. అతను తరువాతి సీజనులో 172 రోజులు జట్టు జాబితాలో ఉన్నాడు. అతను ఫ్రీ ఏజెంట్ కాగలడా?

14.5 డ్రాఫ్ట్ – ఎంపిక వంతు

పరిహారాన్ని డబ్బు రూపంలో కాక ఎంపిక వంతుల రూపంలో ఎందుకు ఇస్తారో తెలియాలంటే డ్రాఫ్ట్ గురించి తెలియాలి. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోలకు చెందిన హైస్కూలు, కళాశాల ఆటగాళ్లను జట్లు వంతుల వారీగా ఎంచుకునే పద్ధతి ఇది. 1965లో మొదలైంది. ఒక జట్టు ఎంచుకున్న కుర్రవాడు ఆ జట్టుతోనే బేరమాడాలి. గత ఏడాది బలహీనంగా ఆడిన జట్లకు ముందు వంతు రావాలన్నది మూల సూత్రం. 2023 నుంచి మొదటి కొన్ని వంతులను లాటరీ ద్వారా నిర్ణయిస్తున్నారు. 2021 నుంచి డ్రాఫ్ట్‌లో 20 రౌండ్లు ఉంటున్నాయి.

వంతు విలువ రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది, దాని ద్వారా వచ్చే ఆటగాణ్ని ప్రధాన లీగులో కనీసం ఆరేళ్లపాటు మార్కెట్ ధర కంటే తక్కువకు ఉంచుకోవచ్చు. రెండోది, పై రౌండ్లలోని ప్రతి వంతుకూ ఒక నిర్ణీత మొత్తం ఉంటుంది. ఆ మొత్తాలన్నీ కలిపితే ఆ జట్టు కొత్త ఆటగాళ్లకు బోనస్‌గా ఇవ్వగల నిధి అవుతుంది. వంతు పోతే దానితో పాటు ఆ మొత్తం కూడా పోతుంది.

14.6 పరిహారం: నాలుగు దశలు

మొదటి దశ (1976–1980): ఫ్రీ ఏజెన్సీతో పాటే పరిహారం వచ్చింది. కొత్త జట్టు పాత జట్టుకు డ్రాఫ్ట్ వంతు ఇచ్చేది. ఇది తమకు చాలదని యజమానులు అన్నారు. పోయిన ఆటగాడికి బదులు మరో వృత్తి ఆటగాణ్ని ఇవ్వాలని కోరారు. అలా చేస్తే ఫ్రీ ఏజెన్సీ పేరు మార్చిన ఆటగాళ్ల మార్పిడి అవుతుందని సంఘం వాదించింది.

రెండో దశ (1981–1985): ఈ వివాదంపైనే 1981 జూన్ 12న ఆటగాళ్లు సమ్మె చేశారు. జులై 31న రాజీ కుదిరే నాటికి 700కు పైగా ఆటలు రద్దయ్యాయి. రాజీ ప్రకారం, అగ్రశ్రేణి ఆటగాణ్ని పోగొట్టుకున్న జట్టు ఒక ఉమ్మడి జాబితా నుంచి ఆటగాణ్ని తీసుకోవచ్చు. జట్లు తమ రక్షిత జాబితాలో చేర్చని ఆటగాళ్లు ఆ ఉమ్మడి జాబితాలో ఉంటారు. దీని వల్ల విచిత్రమైన ఫలితాలు వచ్చాయి. డెనిస్ ల్యాంప్ అనే బౌలర్ షికాగో వైట్ సాక్స్ నుంచి టొరంటో జట్టుకు వెళ్లాడు. పరిహారంగా వైట్ సాక్స్ 1984 జనవరిలో న్యూయార్క్ మెట్స్ నుంచి టామ్ సీవర్‌ను తీసుకుంది. మెట్స్ చరిత్రలో అత్యంత ప్రసిద్ధుడైన ఆ బౌలర్‌కు అప్పటికి 39 ఏళ్లు. ఎవరూ తీసుకోరనుకుని మెట్స్ అతన్ని రక్షిత జాబితాలో చేర్చలేదు. ల్యాంప్ బేరంతో మెట్స్‌కు ఏ సంబంధమూ లేదు. సీవర్ 1985లో తన 300వ విజయాన్ని వైట్ సాక్స్ తరఫున సాధించాడు. ఆ ఏడాదే ఈ పద్ధతిని రద్దు చేశారు.

మూడో దశ (1985 తరువాత 2011 వరకు): గణాంకాల ఆధారంగా ఆటగాళ్లకు ర్యాంకులిచ్చి, ‘ఎ’ తరగతి, ‘బి’ తరగతి వంటి వర్గాలుగా విభజించారు. 2008 నాటికి అమలులో ఉన్న నియమాల ప్రకారం, ‘ఎ’ తరగతి ఆటగాడు వెళ్లిపోతే పాత జట్టుకు కొత్త జట్టు వంతు ఒకటి, మొదటి రెండో రౌండ్ల మధ్య అదనపు వంతు మరొకటి వచ్చేవి. 2008–09 శీతకాలంలో న్యూయార్క్ యాంకీస్ ముగ్గురు ‘ఎ’ తరగతి ఆటగాళ్లను తీసుకుంది. వారిలో ర్యాంకు ఎక్కువ ఉన్న మార్క్ టెషేరా పాత జట్టు ఏంజెల్స్‌కు యాంకీస్ మొదటి రౌండ్ వంతు దక్కింది. సి.సి. సబాథియాను పోగొట్టుకున్న మిల్వాకీకి రెండో రౌండ్ వంతుతో సరిపెట్టవలసి వచ్చింది. ఏంజెల్స్ ఆ 25వ వంతుతో ఎంచుకున్న హైస్కూలు కుర్రవాడు మైక్ ట్రౌట్. తరువాత అతను మూడుసార్లు అమెరికన్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడయ్యాడు.

నాలుగో దశ (2012 నుంచి): ర్యాంకుల స్థానంలో క్వాలిఫయింగ్ ఆఫర్ వచ్చింది. మార్కెట్ విలువను సూత్రం ద్వారా లెక్కగట్టే బదులు, జట్టు చేతనే చెప్పించాలన్నది దీని ఆలోచన. ఆటగాడికి పరిహారం కావాలంటే జట్టు ముందుగా అతనికి పెద్ద జీతం ఇవ్వడానికి సిద్ధపడాలి. మొదట్లో కొత్త జట్టు తన మొదటి రౌండ్ వంతునే కోల్పోయేది. మొదటి పది వంతులకు మాత్రం రక్షణ ఉండేది. నిక్ స్విషర్‌ను తీసుకున్న క్లీవ్‌లాండ్‌కు 2013లో ఐదో వంతు ఉన్నందున అది పోలేదు. తరువాతి వంతు పోయింది. స్విషర్‌ను కోల్పోయిన యాంకీస్‌కు 32వ వంతు వచ్చింది. దానితో వారు ఆరన్ జడ్జ్‌ను ఎంచుకున్నారు.

14.7 ప్రస్తుత నిబంధనలు

ఇప్పుడు అమలులో ఉన్న పద్ధతిని క్రమంగా చూద్దాం.

మొదటి మెట్టు – అర్హత: ఆటగాడు ఆ సీజను మొత్తం ఒకే జట్టులో ఉండాలి. గతంలో ఎప్పుడూ క్వాలిఫయింగ్ ఆఫర్ పొంది ఉండకూడదు. 2021 జులైలో జట్టు మారిన బ్రయంట్‌కు ఈ కారణంగానే ఆఫర్ ఇవ్వడం సాధ్యపడలేదు.

రెండో మెట్టు – ఆఫర్: ప్రపంచ సిరీస్ ముగిసిన వెంటనే జట్టు ఒక ఏడాది కాంట్రాక్టు ప్రతిపాదిస్తుంది. మొత్తం అందరికీ ఒకటే: లీగులోని 125 అత్యధిక జీతాల సగటు. 2012లో ఇది 1.33 కోట్ల డాలర్లు. 2024లో 2.105 కోట్లు. 2025లో 2.2025 కోట్లు.

మూడో మెట్టు – నిర్ణయం: నవంబరులో నిర్దేశించిన గడువులోగా ఆటగాడు జవాబు చెప్పాలి. అంగీకరిస్తే మరో ఏడాది అక్కడే ఆడతాడు. తిరస్కరిస్తే మార్కెట్‌లోకి వస్తాడు; అతనితో పాటే పరిహార నియమం కూడా వస్తుంది. డ్రాఫ్ట్ మొదలయ్యే వరకు ఎవరూ తీసుకోకపోతే ఆ నియమం తొలగిపోతుంది.

నాలుగో మెట్టు – పాత జట్టుకు దక్కేది:
• ఆదాయ పంపిణీ ద్వారా సాయం పొందే జట్టుకు: కొత్త కాంట్రాక్టు 5 కోట్ల డాలర్లు లేదా అంతకంటే ఎక్కువైతే మొదటి రౌండ్ తరువాతి వంతు, తక్కువైతే మూడో రౌండ్‌కు ముందు వంతు.
• సాయం పొందని, విలాస పన్ను పరిమితి దాటని జట్టుకు: మూడో రౌండ్‌కు ముందు వంతు.
• విలాస పన్ను చెల్లించే జట్టుకు: నాలుగో రౌండ్ తరువాతి వంతు.

ఐదో మెట్టు – కొత్త జట్టు కోల్పోయేది:
• సాయం పొందే జట్టు: తన మూడో ఉత్తమ వంతు.
• మధ్యస్థ జట్టు: రెండో ఉత్తమ వంతు, విదేశీ యువ ఆటగాళ్ల బోనస్ నిధిలో 5 లక్షల డాలర్లు.
• విలాస పన్ను చెల్లించే జట్టు: రెండో, ఐదో ఉత్తమ వంతులు, ఆ నిధిలో 10 లక్షల డాలర్లు.

ఇక్కడ విలాస పన్ను అంటే, ఆటగాళ్ల మొత్తం జీతాలు నిర్ణీత పరిమితి దాటిన జట్టు లీగుకు చెల్లించే రుసుము. 2025లో ఆ పరిమితి 24.1 కోట్ల డాలర్లు.

2024 శీతకాలపు రెండు ఉదాహరణలు పోల్చండి. హువాన్ సోటో యాంకీస్ ఇచ్చిన ఆఫర్‌ను తిరస్కరించి, మెట్స్‌తో 15 సంవత్సరాలకు 76.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు కుదుర్చుకున్నాడు. యాంకీస్ విలాస పన్ను చెల్లించే జట్టు కాబట్టి అంత గొప్ప ఆటగాడికి దక్కిన పరిహారం నాలుగో రౌండ్ తరువాతి వంతు మాత్రమే. మెట్స్ కూడా పన్ను చెల్లించే జట్టే; రెండో, ఐదో ఉత్తమ వంతులు వదులుకుంది. అదే సమయంలో బాల్టిమోర్ నుంచి కార్బిన్ బర్న్స్ 21 కోట్ల డాలర్లకు అరిజోనా వెళ్లాడు. బాల్టిమోర్‌కు 2025 డ్రాఫ్ట్‌లో 30వ వంతు దక్కింది. పరిహారం పోయిన ఆటగాడి విలువను బట్టి కాకుండా పోగొట్టుకున్న జట్టు ఆర్థిక స్థితిని బట్టి మారుతున్నదని దీని నుంచి గ్రహించవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
సోటోను పోగొట్టుకున్న జట్టు కంటే బర్న్స్‌ను పోగొట్టుకున్న జట్టుకు మెరుగైన వంతు ఎందుకు లభించింది?

14.8 పరిహారం భారం ఎవరిపై పడుతుంది?

వస్తువుపై పన్ను విధిస్తే దాని భారం అమ్మేవారి మీదా కొనేవారి మీదా పంచబడుతుందని సూక్ష్మ అర్థశాస్త్రంలో చదివారు. పరిహారం కూడా అటువంటి పన్నే. చట్టప్రకారం దాన్ని కొత్త జట్టు చెల్లిస్తుంది. కాని ఆ జట్టు తన నష్టాన్ని లెక్కగట్టి, ఆటగాడికి ఇవ్వజూపే మొత్తాన్ని తగ్గిస్తుంది.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. జట్టు తాను కోల్పోయే వంతు విలువ 60 లక్షల డాలర్లని అంచనా వేసిందనుకుందాం. ‘క’ అనే ఆటగాడి కాంట్రాక్టు విలువ 20 కోట్ల డాలర్లు. అందులో 60 లక్షలు 3 శాతం. బేరంలో పెద్దగా కనిపించదు. ‘ఖ’ అనే ఆటగాడి విలువ రెండేళ్లకు 3 కోట్లు. అతని విషయంలో 60 లక్షలు 20 శాతం. జట్టు అతనికి 2.4 కోట్లే ఇస్తానంటుంది. ఏడాదికి 2.2 కోట్ల ఆఫర్ చేతిలో ఉన్న ‘ఖ’ దాన్ని అంగీకరించి పాత జట్టులోనే ఉండిపోవడం తెలివైన పని. అంటే ఒకే నియమం అగ్రశ్రేణి ఆటగాణ్ని తాకదు. మధ్యశ్రేణి ఆటగాణ్ని కట్టిపడేస్తుంది.

వాస్తవంలోనూ ఇదే జరిగింది. మొదటి మూడు శీతకాలాల్లో ఆఫర్ పొందిన 34 మందిలో ఒక్కరూ దాన్ని అంగీకరించలేదు. వారిలో కొందరు మార్కెట్‌లో ఇబ్బంది పడ్డారు. నెల్సన్ క్రూజ్ 2013 నవంబరులో 1.41 కోట్ల ఆఫర్‌ను కాదని, చివరికి 2014 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో 80 లక్షలకు చేరాడు. 2013లో అతనిపై పడిన 50 ఆటల నిషేధం కూడా దీనికి ఒక కారణం. బాల్టిమోర్ అదే నెలలో మరో ఆటగాడి కోసం మొదటి రౌండ్ వంతును అప్పటికే వదులుకున్నందున, క్రూజ్ కోసం పోయింది రెండో రౌండ్ వంతే. మొదటి వంతు పోయిన జట్టుకు రెండో ఆటగాడు చవకగా దొరుకుతాడన్నమాట. ఆ ఏడాది క్రూజ్ 40 హోమ్ రన్‌లు కొట్టి లీగులన్నిటిలో మొదటి స్థానంలో నిలిచాడు. కెండ్రిస్ మొరాలెస్ పరిస్థితి ఇంకా కష్టం. 2014 జూన్‌లో డ్రాఫ్ట్ ముగిసి పరిహార నియమం తొలగిన తరువాతే అతన్ని మిన్నెసోటా తీసుకుంది. అప్పటికి సీజనులో రెండు నెలలు గడిచిపోయాయి. 2019లో డాలస్ కైకెల్, క్రెయిగ్ కింబ్రెల్ కూడా జూన్ వరకు వేచి ఉండవలసి వచ్చింది.

2015లో తొలిసారిగా ముగ్గురు ఆటగాళ్లు ఆఫర్‌ను అంగీకరించారు. మొదటి రౌండ్ వంతు పోయే నియమాన్ని తరువాతి ఒప్పందంలో సడలించారు.

14.9 ఇరుపక్షాల వాదనలు

యజమానులు ముఖ్యంగా పోటీ సమతౌల్యం గురించి మాట్లాడతారు. చిన్న నగరాల జట్లు ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చి పెద్ద చేస్తాయి. పెద్ద నగరాల జట్లు డబ్బుతో తీసుకుపోతాయి. పరిహారం లేకపోతే శిక్షణకు పెట్టుబడి పెట్టే ప్రోత్సాహం తగ్గుతుంది. ట్రౌట్ ఉదాహరణ ఈ వాదనకు బలమిస్తుంది. కాని జడ్జ్ ఉదాహరణలో పరిహారం పొందింది అత్యంత సంపన్నమైన యాంకీస్ జట్టే. సాయం పొందే జట్లకు మెరుగైన వంతు ఇచ్చే ప్రస్తుత పద్ధతి ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం.

సంఘం వాదన వేరు. ఆరేళ్లపాటు ఆటగాణ్ని మార్కెట్ ధర కంటే తక్కువకు ఆడించుకున్నప్పుడే జట్టు తన పెట్టుబడిని తిరిగి పొందింది. ఆ తరువాత పరిహారం కోరడం ఒకే పనికి రెండుసార్లు వసూలు చేయడమే. రాటెన్‌బర్గ్ సూత్రాన్ని ఇక్కడ అన్వయించండి. పరిహారం ఆటగాళ్ల పంపిణీని కొంతే మార్చవచ్చు. ఆదాయం ఎవరికి చేరుతుందన్న దాన్ని మాత్రం ఖచ్చితంగా మారుస్తుంది.

నియమాలు కాగితం మీద ఉన్నంత మాత్రాన మార్కెట్ స్వేచ్ఛగా ఉండదని కూడా గమనించాలి. 1985 నుంచి మూడు శీతకాలాల్లో యజమానులు ఇతర జట్ల ఫ్రీ ఏజెంట్లను తీసుకోకుండా కుమ్మక్కయ్యారని మధ్యవర్తులు తేల్చారు. 1990లో 28 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవలసి వచ్చింది. ఆ సొమ్ము ఆటగాళ్లకు చేరింది.

2022లో ఈ పద్ధతి రద్దుకు దగ్గరగా వచ్చింది. విదేశీ యువ ఆటగాళ్లకూ డ్రాఫ్ట్ పెట్టడానికి సంఘం అంగీకరిస్తే క్వాలిఫయింగ్ ఆఫర్‌ను ఎత్తివేస్తామని యజమానులు అన్నారు. జులై 25 గడువులోగా ఒప్పందం కుదరలేదు. ఒక వర్గం ఆటగాళ్ల స్వేచ్ఛను పెంచడానికి, ఇంకా లీగులో అడుగుపెట్టని మరో వర్గం కుర్రవాళ్ల స్వేచ్ఛను వదులుకోవాలా అన్నదే ఆ బేరంలోని అసలు ప్రశ్న. సమష్టి బేరసారాల్లో సంఘ సభ్యులు కానివారి ప్రయోజనాలను ఎవరు కాపాడాలన్న సమస్య ఇతర పరిశ్రమల్లో కూడా మీకు కనిపిస్తుంది.

14.10 సారాంశం

రిజర్వ్ నిబంధన దాదాపు ఒక శతాబ్దం పాటు ఆటగాణ్ని ఒకే జట్టుకు కట్టి ఉంచింది. కోర్టులో కర్ట్ ఫ్లడ్ ఓడినా, 1975లో మధ్యవర్తి తీర్పు ఆ బంధాన్ని తెంచింది. 1976 ఒప్పందం ఆరేళ్ల సర్వీసు తరువాత స్వేచ్ఛ ఇచ్చి, దానికి పరిహారాన్ని జోడించింది. పరిహారం రూపం నాలుగు దశల్లో మారుతూ వచ్చింది. నేటి క్వాలిఫయింగ్ ఆఫర్ పద్ధతిలో పాత జట్టుకు దక్కేది, కొత్త జట్టు కోల్పోయేది రెండూ ఆయా జట్ల ఆర్థిక స్థితిని బట్టి ఉంటాయి. చట్టప్రకారం జట్టుపై పడే ఈ భారం ఆచరణలో ఎక్కువగా మధ్యశ్రేణి ఆటగాడి జీతంపై పడుతుంది.

14.11 కీలక పదాలు

ఫ్రీ ఏజెంట్: ఆరేళ్ల సర్వీసు నిండి, కాంట్రాక్టు లేకుండా ఏ జట్టుతోనైనా బేరమాడగల ఆటగాడు.
ఎంపిక వంతు: డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాణ్ని ఎంచుకోవడానికి జట్టుకు వచ్చే అవకాశం.
క్వాలిఫయింగ్ ఆఫర్: 125 అత్యధిక జీతాల సగటుకు సమానమైన ఒక ఏడాది కాంట్రాక్టు ప్రతిపాదన.
విలాస పన్ను: జీతాల మొత్తం పరిమితి దాటిన జట్టు చెల్లించే రుసుము.

14.12 మీ ప్రగతిని సరిచూసుకోండి: మాదిరి సమాధానాలు

1. గడువు తీరిన కాంట్రాక్టును జట్టు మళ్లీ మళ్లీ పొడిగించగలగడం, ఇతర జట్లు ఆ ఆటగాణ్ని తీసుకోకపోవడం వల్ల అతని శ్రమకు ఒక్కడే కొనుగోలుదారు మిగిలాడు. ఆట మానుకోవడం తప్ప మరో దారి లేకపోవడంతో బేరమాడే శక్తి పోయింది.
2. కాలేడు. అతని సర్వీసు 5.150 అవుతుంది. ఆరు సంవత్సరాలు నిండడానికి ఇంకా 22 రోజులు కావాలి. అంటే మరో సీజను ఆగాలి.
3. బాల్టిమోర్ ఆదాయ పంపిణీ సాయం పొందే జట్టు, కొత్త కాంట్రాక్టు 5 కోట్ల డాలర్లు దాటింది. యాంకీస్ విలాస పన్ను చెల్లించే జట్టు కాబట్టి నాలుగో రౌండ్ తరువాతి వంతే దక్కింది.

14.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1879 నుంచి 1976 వరకు ఆటగాళ్ల బేరమాడే శక్తిలో వచ్చిన మార్పులను వివరించండి.
2. ఎంపిక వంతుల పరిహారాన్ని ఒక పన్నుగా భావించి, దాని భారం ఎవరిపై పడుతుందో ఉదాహరణలతో విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆరేళ్ల సర్వీసు నియమాన్ని ఆటగాళ్ల సంఘం ఎందుకు అంగీకరించింది?
2. టామ్ సీవర్ ఉదంతం 1981 నాటి పరిహార పద్ధతిలోని ఏ లోపాన్ని చూపుతుంది?
3. పోటీ సమతౌల్యం పేరుతో పరిహారాన్ని సమర్థించవచ్చా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.